అతుకు కనిపించాలి

కరెంటు స్తంభం మీద, తీగకూ ఇనుప కమ్మీకీ మధ్య కూర్చునే పింగాణీ వస్తువు రోజూ మన కళ్ళబడుతూనే ఉంటుంది, మనం మాత్రం దాన్ని ఎప్పుడూ చూడం. లైన్‌మన్లు దాన్ని ఇన్సులేటర్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో అది విద్యుత్ బంధకం. దాని భాగాలకు ఇంగ్లీషు ఇంజనీర్లు పెట్టుకున్న పేర్లు వింటే మాత్రం ఆడవాళ్ళెవరైనా ఒక్క క్షణం ఆగుతారు. పైభాగం పేరు కిరీటం. బయటికి గొడుగులా పరుచుకున్న అంచు స్కర్టు. దాని చాటున దాగి ఉండే లోపలి అంచెలు పెట్టీకోట్లు. వానకి బయటి స్కర్టు తడిసినా లోపలి పెట్టీకోటు పొడిగా ఉండాలి. ఆ పొడితనమే కరెంటుని స్తంభంలోకి దిగకుండా ఆపుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు సాంకేతిక రచనల్లో ఈ మాటలు నవ్వూ సంకోచమూ లేకుండా మామూలు మాటలుగా వాడారు. ఆడవాళ్ళ బట్టల పేర్లు వస్తువు మీదికి ఎక్కాయి. పింగాణీ ఊళ్ళలో ఆ మట్టిని తోమి, తుడిచి, దాని దుమ్ము పీల్చిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కలేదు.

పగిలిపోయి, పారబోత దిబ్బల్లో పూడిపోయిన పాత ఇన్సులేటర్ల ముక్కల్ని వెతికి తీసి, కడిగి, జతపరచి మళ్ళీ నిలబెట్టే అలవాటు అమెరికాలోనూ మరికొన్ని దేశాల్లోనూ దశాబ్దాలుగా ఉంది. పైకి చూస్తే ఇది పాత నాణేలో, తపాలా బిళ్ళలో పోగుచేసుకునే సరదాలాంటిదే. కానీ ఆ పనిలోకి దిగిన ప్రతివాళ్ళకీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. దొరకని ముక్క చోట ఏం పెట్టాలి? పెట్టినదాన్ని అసలుదానిలా కనిపించేలా చెయ్యాలా, పెట్టినదని తెలిసేలా ఉంచాలా? స్త్రీల చరిత్ర రాస్తున్న మనం ఎదుర్కొంటున్న ప్రశ్న కూడా అచ్చంగా ఇదే. ఈ పింగాణీ ముక్కల గురించి మనం మాట్లాడుకోవడం అందుకే అవసరమనుకుంటున్నాను.

అతుకులతోనే పుట్టిన వస్తువు

టెలిగ్రాఫ్ కాలంలో తీగల్ని మొయ్యడానికి చాలాచోట్ల గాజు సరిపోయింది. ఆ తీగల్లో పారే కరెంటు తక్కువ. 1890లలో కరెంటుని దూరాలకు పంపడం మొదలయ్యాక పరిస్థితి మారింది. 1896 నవంబరులో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు 11 వేల వోల్టులతో బఫెలో నగరానికి చేరింది. ఆ తీగల్ని మోసింది ట్రెంటన్ పట్టణంలోని ఇంపీరియల్ పోర్సెలిన్ వర్క్స్ చేసిన పింగాణీ. అదే రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని విక్టర్ అనే చిన్న ఊళ్ళో ఫ్రెడ్ లాక్ (1861–1930) అనే ఆయన ఎక్కువ వోల్టేజిని తట్టుకునే ఆకారాల కోసం ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. సేకర్తలు ఆయన్ని పింగాణీ ఇన్సులేటర్ల పితామహుడంటారు. పితామహులు దొరకడం చరిత్రలో ఎప్పుడూ సులువే.

పింగాణీ అంటే తెల్లమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ లేదా చెకుముకిరాయి పొడి కలిపి గట్టి వేడిలో కాల్చినది. ఇందులో రెండు పద్ధతులున్నాయి. దాదాపు పొడిగా ఉన్న మట్టిని ఉక్కు అచ్చుల్లో నొక్కడం ఒకటి. ఇంట్లో గోడలకు కొట్టే చిన్న చిన్న గుండీలకూ స్విచ్చుల అడుగులకూ ఇది చాలు, కానీ లోపల సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. తడి మట్టిని పిసికి, గాలి బుడగలు పోగొట్టి, అచ్చులో తిప్పి, చెక్కి, ఆరబెట్టి, గాజులా బిగుసుకునేదాకా కాల్చడం రెండోది. ఎక్కువ వోల్టేజికి ఇదే కావాలి. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి పరీక్ష కూడా ముక్కల మీదే చేస్తారు. విరిగిన ముఖాన్ని రంగునీళ్ళలో ఉంచితే, రంగు లోపలికి పాకిన ముక్క పనికిరానిది. పైనే నిలిచి, తుడిస్తే పోయేది మంచిది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు బీటవారిన జాడీలో ఊరగాయ పెట్టనివ్వనిది ఈ కారణానికే. పైకి కనబడని సన్నగీతలోకి తేమ ఎలా పాకుతుందో వాళ్ళకు ఏ ప్రయోగశాలా చెప్పనక్కర్లేకపోయింది.

వోల్టేజి పెరిగేకొద్దీ ఇన్సులేటరు పెద్దదవ్వాలి. కానీ మందమైన పింగాణీ ముద్ద ఆరేటప్పుడూ కాలేటప్పుడూ పైనొకలా లోపలొకలా కుంచించుకుపోయి పగులుతుంది. అందుకని రెండు, మూడు, నాలుగు పలచటి గుల్లల్ని విడివిడిగా కాల్చి, ఒకదానిలో ఒకటి కూర్చి సిమెంటుతో అతకడం మొదలుపెట్టారు. కొన్నిటిని మెరుగుపూతతోనే ఒకదానికొకటి అంటుకునేలా కాల్చారు. అంటే మనం ఇవాళ పగిలిందని అతుకుతున్న వస్తువు, పుట్టుకతోనే అతుకుల వస్తువు. ఇంకో విశేషం ఉంది. ఆ తొలికాలపు ఇన్సులేటర్లలో చాలావాటిని పగలగొట్టింది పిడుగూ కాదు, రాయీ కాదు, లోపలి సిమెంటే. ఏళ్ళ తరబడి తేమ తాగి సిమెంటు ఉబ్బింది, చుట్టూ ఉన్న పింగాణీ చీలింది. ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో ఇంజనీర్లని బాగా వేధించిన సమస్య ఇది. కలిపి ఉంచడానికి వేసిన బంధమే లోపలినుంచి పగలగొట్టడం మనకు కొత్త సంగతి కాదు. కుటుంబం గురించి మన రచయిత్రులు రాసిన కథల్లో సగం దీని గురించే.

ఈ వస్తువు మన దక్షిణాదికి కూడా తొందరగానే వచ్చింది. 1902లో మైసూరు సంస్థానంలోని శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు దాదాపు 147 కిలోమీటర్ల పొడవున కరెంటు తీగలు వేశారు. ఆనాటికి ప్రపంచంలోని పొడవైన లైన్లలో అదొకటి. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే కూలీలు వేల అడుగుల లోతున పనిచేసిన గనులవి. బెంగుళూరు వీధులకు కరెంటు దీపాలు 1905లో గానీ రాలేదు. ముందు బంగారం తవ్వే యంత్రాలకు వెళ్ళింది, తర్వాత వీధులకు వెళ్ళింది, ఇళ్ళకు ఇంకా తర్వాత వెళ్ళింది. ఇంట్లో కూడా వంటగదికి చిట్టచివరే వెళ్ళి ఉంటుందని వేరే చెప్పాలా?

దిబ్బలో ఉన్నదెవరి నష్టం

ముక్కలు ఎక్కువగా దొరికేది కార్ఖానాల వెనకున్న పారబోత దిబ్బల్లో. కాల్పులో వంకర పోయినవి, బుడగలెక్కినవి, పరీక్షలో కరెంటు దూసుకుపోయినవి అక్కడ పారేసేవాళ్ళు. విక్టర్‌లో లాక్ కార్ఖానా ఉన్న చోట సేకర్తలు తవ్వి తీసిన ముక్కల వల్ల, ఏ జాబితాలోనూ లేని ఆకారాల సంగతి బయటపడింది. సేకర్త దిబ్బని గనిలా చూస్తాడు. మనం ఆ దిబ్బని జీతాల పుస్తకంలా చదవాలి.

ఎందుకంటే, ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుండల ఊళ్ళలో చాలాకాలం ఒక పద్ధతి నడిచింది. ఆవం నుంచి బాగా బయటికొచ్చిన సరుకుకే కూలి ఇస్తారు. పగిలినదానికి, వంగినదానికి, మచ్చపడినదానికి డబ్బులుండవు. మట్టి కలిపినవాళ్ళది తప్పా, ఆవానికి మంట పెట్టినవాళ్ళది తప్పా అన్న విచారణ కూడా ఉండదు. చేసిన చేతులు నష్టపోతాయి. పైగా ఆ మగ పనివాళ్ళ కింద మట్టి ముద్దలందించడానికి, అచ్చులు మొయ్యడానికి ఆడవాళ్ళూ పిల్లలూ సహాయకులుగా ఉండేవాళ్ళు. వాళ్ళకు కూలి ఇచ్చేది చాలాచోట్ల కంపెనీ కాదు, ఆ మగ పనివాడే. వాడి కూలి తెగితే వీళ్ళ కూలి ఇంకా ముందే తెగుతుంది. అందువల్ల వీళ్ళ పేర్లు కంపెనీ పుస్తకాలకి ఎక్కే అవసరం కూడా ఉండేది కాదు. కుండల ఊళ్ళ దిబ్బల్లో ఉన్న ప్రతి ముక్కా ఎవరో చేసి, కూలి అందుకోని పని.

దుమ్ము సంగతి ఇంకా ఘోరం. నాజూకు చైనా పాత్రల్ని కాల్చేటప్పుడు వంకర పోకుండా చెకుముకిరాయి పొడిలో కూర్చి ఆవంలో పెట్టేవాళ్ళు. కాలాక ఆ పొడిని బ్రష్షులతో తోమి దులపాలి. ఆ పని ఆడవాళ్ళది. చైనా స్కౌరర్లు అనేవాళ్ళు వాళ్ళని. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి, ఊపిరి తీసుకోనివ్వకుండా, కొన్నేళ్ళలోనే మనిషిని తినేసేది. కుండలవాళ్ళ ఉబ్బసం అని జనం దానికి పేరు పెట్టుకున్నారు. ఇవాళ దాన్ని సిలికోసిస్ అంటాం. ప్రమాదం లేని అల్యూమినా పొడి ఆ చెకుముకిరాయి పొడి స్థానంలోకి పూర్తిగా రావడానికి, చట్టం దాన్ని తప్పనిసరి చెయ్యడానికి 1940లదాకా పట్టింది. పని ఎంత ప్రాణాంతకమో ఇంగ్లండు ప్రభుత్వానికి తెలియక కాదు. 1893 నుంచి అక్కడ ఫ్యాక్టరీ తనిఖీకి స్త్రీలని కూడా నియమించారు. ఆ తనిఖీ అధికారిణులు ఈ దుమ్ము గురించి, మెరుగుపూతలో వాడే సీసం గురించి రాస్తూనే వచ్చారు.

సీసం మాట వచ్చింది కాబట్టి ఒక తేడా చెప్పుకోవాలి. ఎక్కువ వేడిలో కాలే విద్యుత్ పింగాణీ మెరుగుకి సీసం అవసరం లేదు. సీసం వాడకం తక్కువ వేడిలో మెరిసే గిన్నెలు, పలకల పనిలో ఎక్కువ. కానీ ఊళ్ళు అవే, బస్తీలు అవే, ఒక ఇంట్లో ఒకరు ఇక్కడ, ఇంకొకరు అక్కడ పనిచేసేవాళ్ళు. అమెరికాలో ఆలిస్ హామిల్టన్ (1869–1970) అనే డాక్టరు కార్మికుల జబ్బుల మీద పనిచేస్తూ కుండల ఫ్యాక్టరీలు తిరిగి, సీసం విషం గురించి 1912లో ప్రభుత్వ నివేదిక రాసింది. ఆమె తిరిగిన ఊళ్ళలో ట్రెంటన్ ఉంది, ఈస్ట్ లివర్‌పూల్ ఉంది. రెండూ ఇన్సులేటర్ల చరిత్రలో పెద్ద పేర్లే. ఇన్సులేటర్ల చరిత్ర పుస్తకాల్లో ఆ ఊళ్ళ పేర్లు పేటెంట్ల పక్కన వస్తాయి. ఆమె నివేదికలో అవే ఊళ్ళు ముంచేతులు వాలిపోయిన పనివాళ్ళ పక్కన వస్తాయి. రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి చదివితే గానీ వస్తువు పూర్తి కాదు.

ఇంగ్లండులో సీసం పనిచేసే స్త్రీలని నెలకోసారి డాక్టరు పరీక్షించాలని, ఆ వివరాలు రిజిస్టరులో రాయాలని నిబంధనలు వచ్చాయి. జబ్బు లక్షణాలు కనబడితే పని ఆపేస్తారు. అంటే కూలి ఆగిపోతుంది. రక్షణ పేరుతో వచ్చింది ఉపాధి మీద వేటుగా కూడా దిగింది. దాన్ని ఎలా చూడాలన్నదాని మీద ఆనాటి స్త్రీల సంఘాల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. నన్ను పట్టి ఆపేది ఆ రిజిస్టరు. చేసిన వస్తువు మీద పేరు లేని మనిషికి, జబ్బుపడ్డ శరీరంగా మాత్రం కాగితం మీద పేరుంది. పగిలాక గానీ నమోదు కాని బతుకులవి.

ముక్కల్ని జతపరచే పని

ఇప్పుడు అతికే పని సంగతి. ముక్కల్ని ముందు సబ్బునీళ్ళలో నానబెట్టి బ్రష్షుతో తోముతారు. ఇనుప మేకుల తుప్పు మరకలకి ఆక్జాలిక్ ఆమ్లం వాడతారు. పూర్తిగా ఆరాక, జిగురు లేకుండా అతుకు టేపుతో ముక్కల్ని ఒకసారి జతపరచి చూస్తారు. ఇది తొందరపడితే చెడిపోయే దశ. ఏ ముక్క తర్వాత ఏ ముక్క పెట్టాలో వరుస తప్పితే, చివరి ముక్క ఎంత ఒత్తినా దాని చోట్లో దూరదు. ఒక్కోచోట వెంట్రుకవాసి తేడా వస్తే అది పోగుపడి, ఆఖరికి నూలుపోగంత సందు మిగిలిపోతుంది. వరుస కుదిరాక ఎపాక్సీ జిగురు పూసి, ఇసుక పోసిన పళ్ళెంలో వాలకుండా నిలబెట్టి ఆరనిస్తారు.

ముక్క లేని చోట పూరించడానికి ఇన్సులేటరు ఆకారమే సాయం చేస్తుంది. గుండ్రంగా తిరిగిన వస్తువు కాబట్టి, ఉన్న వైపు స్కర్టు నుంచి అచ్చు తీసి, లేని వైపు అదే వంపుని పోత పొయ్యవచ్చు. ఆ తర్వాత గరుకు కాగితంతో రుద్ది, గోధుమరంగో తెలుపో కలిపి పూసి, మీద మెరుపు వార్నిషు వేస్తారు. చేయి తిరిగినవాళ్ళు చేస్తే కంటికి తేడా తెలియదు.

కంటికి తెలియకపోయినా చెవికి తెలుస్తుంది. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మన అమ్మలు వేలితో తట్టి చూసినట్టే, సేకర్తలు నాణెంతో తట్టి చూస్తారు. నిండు పింగాణీ ఖంగుమంటుంది. అతికినది చచ్చుగా పలుకుతుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే జిగురూ రంగూ పింగాణీలా కాకుండా వేరేగా మెరుస్తాయి. ఈ పరీక్షలు ఎందుకు పుట్టాయంటే, అతికినదాన్ని అతకనిదిగా చెప్పి అమ్మేవాళ్ళున్నారు కాబట్టి. అతికానని చెప్పి అమ్మితే అది మరమ్మతు. చెప్పకుండా అమ్మితే మోసం. చేసిన పని ఒకటే, చెప్పడంలోనే తేడా అంతా ఉంది.

మ్యూజియంలలో పనిచేసే పరిరక్షకులు ఇంకొంచెం కఠినంగా ఉంటారు. వాళ్ళ సూత్రం ప్రకారం, అవసరమైతే విప్పగలిగే జిగురే వాడాలి. అసలు భాగం మీదికి రంగు పాకకూడదు. పూరించిన భాగం దూరంనుంచి కలిసిపోయినా దగ్గరికొస్తే తెలిసిపోవాలి. ఏం చేశారో రాసి ఉంచాలి. జపానువాళ్ళు పగుళ్ళని బంగారంతో నింపే కింత్సుగి పద్ధతి గురించి మనలో చాలామంది వినే ఉంటారు. పగులు అందమైనదనే మాట ఈమధ్య మరీ సులువుగా వాడేస్తున్నాం. ఇన్సులేటరు విషయంలో ఆ అందం చెల్లదు. బంగారం కరెంటుని దూసుకుపోనిచ్చే లోహం. బంగారంతో అతికిన ఇన్సులేటరు ఇన్సులేటరే కాదు. ఎంత బాగా అతికినా అది మళ్ళీ స్తంభం ఎక్కదు, అరమీదే కూర్చుంటుంది. గాయాలన్నీ బంగారమైపోతాయని స్త్రీలకి ఓదార్పు చెప్పే సాహిత్యానికి ఈ పింగాణీ ఇచ్చే జవాబు ఇదేననుకుంటాను. కొన్ని పగుళ్ళు నష్టాలే. వాటిని నష్టాలుగానే లెక్క రాయాలి.

అతికేవాళ్ళు సాధారణంగా దేన్ని కాపాడతారో కూడా గమనించాలి. అన్నిటికన్నా విలువైన ముక్క కంపెనీ ముద్ర ఉన్న ముక్క. పేటెంటు తేదీ ఉంటే మరీ విలువ. వాటికోసం దిబ్బంతా జల్లెడ పడతారు. కానీ కొన్ని ముక్కల మీద వేరే గుర్తులుంటాయి. మెరుగుపూతలో ముంచేటప్పుడు పట్టుకున్న వేళ్ళచోట పూత పలచబడి ఉంటుంది. ఎక్కువైన పూతని తుడిచిన గీత ఉంటుంది. చెక్కే పరికరం వణికిన వలయం ఉంటుంది. వీటికి ధర లేదు. నున్నగా రావాలని రుద్ది, రంగు వేసినప్పుడు ముందుగా పోయేవి ఇవే. యజమాని ముద్ర మిగులుతుంది, పనిమనిషి వేలిగుర్తు పోతుంది. చరిత్రలో కూడా మనకు జరిగింది ఇదే పద్ధతిలో జరిగింది. ఎవరో కుట్రపన్ని చెరిపెయ్యనక్కర్లేదు. నున్నగా ఉండాలన్న కోరిక ఒక్కటి చాలు.

పోగుచేసిన స్త్రీలు, చేసిన స్త్రీలు

ఇన్సులేటర్ల సేకరణ మగవాళ్ళ సరదాగా పేరుపడింది. రైలు పట్టాల పక్కన తిరగడం, స్తంభాల కింద వెతకడం, దిబ్బలు తవ్వడం మగపనులుగా కనబడతాయి. కానీ ఆ సేకర్తలందరినీ ఒకరికొకరిని పరిచయం చేసిన అమెరికన్ పత్రికని 1969లో మొదలుపెట్టింది డోరా హార్నెడ్ అనే స్త్రీ. పత్రిక పేరు క్రౌన్ జ్యువెల్స్ ఆఫ్ ది వైర్, అంటే తీగ మీది కిరీటపు మణులు. అమెరికా బయటి దేశాల పింగాణీ ఇన్సులేటర్లకు జాబితా తయారుచేసి, ఆకారాల్ని వర్గీకరించిన పుస్తకానికి ఇద్దరు రచయితల్లో ఒకరు మారిలిన్ ఆల్బర్స్. దూరదేశాల నుంచి వచ్చే ఉత్తరాలు, బొమ్మలు, కొలతలు కూర్చి జాబితా కట్టే ఓపిక పని ఇది. చిన్న పత్రికలు నడపడం అంటే ఏమిటో మనకు తెలుసు. చందాలు, చిరునామాలు, ప్రూఫులు, అడిగి రాయించుకోవడాలు. ఆ పని లేకపోతే ఎవరి దగ్గరున్న ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోయేది. దేన్ని దేనితో జతపరచాలో తెలిసేది కాదు.

ఇక చేసినవాళ్ళలో పేరు దక్కిన ఒకామె గురించి చెప్పాలి. స్టోక్-ఆన్-ట్రెంట్ దగ్గర మిల్టన్‌లో బుల్లర్స్ అనే పెద్ద ఇన్సులేటర్ల కంపెనీ ఉండేది. 1930లలో అక్కడ ఒక చిన్న కళా విభాగం మొదలైంది. హైవోల్టేజి ఇన్సులేటర్లు చేసే మట్టితోనే, ఆ ఆవాల్లోనే, గిన్నెలూ కూజాలూ బొమ్మలూ చేసి చూద్దామన్న ఆలోచన అది. తొలిరోజుల్లో ఆన్ పాట్స్ అక్కడ బొమ్మలు చేసింది. 1940లో ఆ విభాగం బాధ్యత ఆగ్నెటె హోయ్ (1914–2000) చేతికొచ్చింది. ఇంగ్లండులో డేనిష్ తల్లిదండ్రులకు పుట్టి, డెన్మార్క్‌లో పెరిగి, కోపెన్‌హాగెన్‌లో చదువుకున్న కుమ్మరి ఆమె. నాథలీ క్రెబ్స్ అనే రసాయనశాస్త్రజ్ఞురాలు నడిపిన సాక్స్‌బో కార్ఖానాలో పనిచేసి వచ్చింది. ఇంగ్లండుకి వచ్చిన కొద్దికాలానికే యుద్ధం మొదలై అక్కడే ఉండిపోయింది. పన్నెండేళ్ళపాటు, ఇన్సులేటర్ల కార్ఖానా నడుమ, ఆ గట్టి పింగాణీ మట్టితో చేతిపని పాత్రలు చేయించింది.

యుద్ధకాలంలో ఇంగ్లండులో అమ్మే పాత్రల మీద అలంకరణ నిషేధం. తెల్లటి సాదా సరుకే అమ్మాలి. అలంకరణ ఉన్నవి ఎగుమతికే. ఆ నిషేధాలు పూర్తిగా పోయిన 1952లోనే బుల్లర్స్ తన కళా విభాగాన్ని మూసేసింది. హోయ్ అక్కడినుంచి లండనులోని డౌల్టన్‌కి వెళ్ళి 1956దాకా పనిచేసింది. బుల్లర్స్ పాత్రలు ఇవాళ సేకర్తల దగ్గర, మ్యూజియంలలో ఉన్నాయి. ఆమె పేరు మిగిలింది. ఎందుకు మిగిలింది? ఆమె చేసినవి కళావస్తువులు కాబట్టి, అడుగున సంతకం ఉండే వస్తువులు కాబట్టి. అదే మట్టితో, అదే కప్పు కింద, పక్క షెడ్డులో తయారైన ఇన్సులేటర్ల మీద కంపెనీ ముద్ర తప్ప మరే సంతకమూ పడదు. కళాకారిణి పేరు తవ్వితీయడం స్త్రీవాద చరిత్రలో మనకు బాగా అలవాటైన పని. కార్మికురాలి విషయంలో ఆ పద్ధతి సరిపోదు. అక్కడ పేరు కోసం వెతికితే ఖాళీ చేతుల్తో తిరిగొస్తాం. కూలి ఎలా లెక్కకట్టారు, దుమ్ము ఎవరి వాటాకి వచ్చింది, ఏ నిబంధన ఎవరిని బయటికి పంపింది అని వెతకాలి. అక్కడ సంతకం లేదు, పని జరిగిన తీరే సాక్ష్యం.

మన దిబ్బలు

మన దగ్గర కూడా ఇన్సులేషను చరిత్రలో ఆడవాళ్ళ చేతులున్నాయి. పాత నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు అభ్రకం పింగాణీకి తోబుట్టువు. పల్లెల్లో కాకిబంగారమని పిలిచే ఈ ఖనిజం లేకుండా ఒకప్పుడు డైనమోలు, మోటార్లు తిరిగేవి కావు. గని నుంచి వచ్చిన దిమ్మెల్ని అంచులు కోసి, సన్నటి కత్తితో పొరలు పొరలుగా చీల్చే పని ఎక్కువగా స్త్రీలదీ పిల్లలదీ. గూడూరు వైపు షెడ్లలోనూ, ఉత్తరాదిన కోడర్మా, గిరిడి ప్రాంతాల ఇళ్ళలోనూ ఈ పని జరిగింది. ఆ సన్నటి రేకుల్ని లక్కతో ఒకదానిమీదొకటి అతికి మైకనైట్ అనే పెద్ద పలకలు తయారుచేసేవాళ్ళు. ముక్కల్నించి నిండు పలక! అతుకు కనబడకుండా పోయిన ఆ పలకలు విదేశీ కంపెనీల పేర్లతో ప్రపంచమంతా తిరిగాయి. కత్తి పట్టిన వేళ్ళు ఏ పలక మీదా కనబడవు. నెల్లూరు చరిత్ర రాసేటప్పుడు గని యజమానుల దాతృత్వం, వాళ్ళు కట్టించిన బడులూ సత్రాలూ వస్తాయి. చీల్చిన చేతులు కూడా రావాలి.

ముక్కల్నించి చరిత్ర కట్టే పనిలో మనకొక వారసత్వం ఉంది. భండారు అచ్చమాంబ (1874–1905) దేశంలోని స్త్రీల జీవితాల్ని ఎక్కడెక్కడినుంచో పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తొలి భాగాన్ని 1901లో తెచ్చింది. తర్వాత చాలాకాలానికి, ఆమె 1902లో రాసిన 'ధనత్రయోదశి' కథ పాత పత్రికల్లోంచి బయటపడి, తెలుగు కథ 1910 నాటి 'దిద్దుబాటు'తో మొదలైందన్న లెక్కని కదిలించింది. దిబ్బలోంచి దొరికిన ఒక్క ముక్క వస్తువు ఆకారాన్నే మార్చేసే సందర్భం ఇది. ఇక స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకు అతుకు ఎలా వెయ్యాలో నేర్పింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటల్ని వాళ్ళు చెప్పినట్టే ఉంచి, ఒకరు చెప్పినదానికీ మరొకరు చెప్పినదానికీ పొసగని చోట్లని సర్దిచెయ్యకుండా, అడిగినవాళ్ళు ఎవరో, చెప్పినవాళ్ళు ఎవరో పాఠకులకు తెలిసేలా చేసింది.

ఇవాళ మన రచనల్లో ఇంకో ధోరణి పెరుగుతోంది. చరిత్రలో ఖాళీ కనబడిన చోట ఒక ధీర వనితని కల్పించి కూర్చోబెట్టడం. మనసుకి హాయిగా ఉంటుంది. నవలలో, కథలో ఆ హక్కు మనకుంది. కల్పన అని చెప్పి రాస్తాం కాబట్టి. చరిత్ర అని చెప్పి రాసినప్పుడు మాత్రం అది రంగు పూసిన ఎపాక్సీ. ఎవరో ఒకరు వచ్చి నాణెంతో తట్టి చూస్తారు. అది చచ్చుగా పలికిన రోజున, దాని పక్కనున్న నిజమైన ముక్కల మీద కూడా నమ్మకం పోతుంది. స్త్రీల చరిత్ర అంతా కట్టుకథేననడానికి కాచుకుని ఉన్నవాళ్ళకి మనమే నాణెం ఇచ్చినట్టవుతుంది.

దీనికి జవాబు ఖాళీని ఖాళీగా వదిలేసి ఊరుకోవడం కాదు. స్కర్టు సగం లేని ఇన్సులేటరు నిలబడదు, దాన్ని నిలబెట్టడానికి ఏదో ఒకటి పోత పొయ్యాల్సిందే. ఉన్న వంపుని బట్టి లేని వంపుని లెక్కగట్టవచ్చు. ఒక ఊళ్ళో స్త్రీలకి కూలి ఎలా ఇచ్చారో తెలిస్తే, ఆ ఊళ్ళోనే పేరు తెలియని ఒక పనిమనిషి రోజు ఎలా గడిచి ఉంటుందో కొంతవరకు చెప్పవచ్చు. చెప్పేటప్పుడు ఆ భాగం రంగు కొంచెం వేరుగా ఉంచాలి. ఇక్కడివరకు దొరికింది, ఇక్కడినుంచి నేను పూరించింది అని దగ్గరికొచ్చిన పాఠకురాలికి తెలియాలి. రేపు ఇంకో దిబ్బలో అసలు ముక్క దొరికితే మన పూరింపుని విప్పి తీసెయ్యడానికి వీలుండాలి. అలా తీసేసినా మన పని వృథా పోదు. ఆ ముక్క వచ్చేదాకా వస్తువుని నిలబెట్టి ఉంచింది అదే కదా.

మన నాయనమ్మలు పాత చీరలతో బొంతలు కుట్టారు. ఏ ముక్క ఎవరి చీరదో, ఏ పెళ్ళినాటిదో చెప్పేవాళ్ళు. అతుకు దాచలేదు, దాచాలని అనుకోనూ లేదు. 'అతుకుల బొంత' అన్న మాటని సాహిత్య విమర్శలో తిట్టుగా వాడినవాళ్ళెవరూ ఆ బొంత కుట్టి ఉండరు. పింగాణీ సేకర్తలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న నిజాయితీ ఆ సూదికి ఎప్పుడో తెలుసు.